చిన్నాయన ట్రంకు పెట్టెలో జైపాల్ రెడ్డి

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఆమనగల్లుకూ మాడ్గులకూ నడుమ ఉన్న ఒక చిన్న ఊరు మాది. మా చిన్నాయనకు రెండో యేట పోలియో సోకి ఎడమ కాలు చచ్చుబడింది. ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే ఉండేది. 1969లో ఆయన ఆ చదువు ముగించినప్పుడు, నడవలేని పిల్లవాణ్ణి పట్నం పంపి ఏం లాభమని, ఇంటి ముందర అరుగు మీద కిరాణం పెట్టిద్దామని మా తాత నిశ్చయించుకున్నాడు. అదే యేడు కల్వకుర్తి నియోజకవర్గం నుంచి చంక కర్రల మీద నడిచే ఇరవై ఏడేళ్ళ మనిషి శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆ మనిషి జైపాల్ రెడ్డి, మాడ్గుల వాడు, అంటే మాకు పొరుగూరి వాడు. "కట్టెల మీద నడిచేటోడు అసెంబ్లీకి పోతుంటే మనోడు కల్వకుర్తికి పోలేడా" అని తాత అన్నాడట. కిరాణం మాట అంతటితో ఆగిపోయింది. చిన్నాయన కల్వకుర్తి హాస్టలులో చేరి చదువుకుని, తరువాత ఊళ్ళోనే బ్రాంచి పోస్టుమాస్టరుగా ముప్పై యేళ్ళకు పైగా పనిచేశాడు.

ఈ సంగతి జైపాల్ రెడ్డి గారికి తెలిసే అవకాశమే లేదు. చిన్నాయన మాత్రం ఆయన గురించి పత్రికలలో వచ్చిన ప్రతి వార్తనూ కత్తిరించి, తేదీ రాసి, ఒక ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు. గత వేసవి సెలవులలో ఆ పెట్టెను నాకు అప్పగించాడు. నలభై ఐదేళ్ళ ప్రజాజీవితానికి సంబంధించిన ఆ కాగితాలన్నీ వరుసగా చదివిన తరువాత, మా ప్రాంతంలో ఆయన మీద ఎప్పటినుంచో ఉన్న ఒక ప్రశ్నకు నాకు తోచిన సమాధానం రాయాలనిపించింది. రచ్చకట్ట మీద, బస్టాండులో, పెండ్లి పందిట్లో నేను చిన్ననాటి నుంచి వింటున్న ప్రశ్న అది. "జైపాల్ రెడ్డి మంచిగ మాట్లాడుతడు, బాగనే ఉంది, మరి మనకేం తెచ్చిండు?"

సూదిని జైపాల్ రెడ్డి 1942 జనవరి 16న నల్లగొండ జిల్లా నేర్మటలో జన్మించారు. స్వగ్రామం మాడ్గుల. ఏడాదిన్నర వయసులో పోలియో సోకింది. అప్పటికి ఆ జబ్బుకు టీకా లేదు. నిజాం పాలనలోని పల్లెటూళ్ళో నడవలేని బిడ్డను ఎత్తుకుని తిరిగే ఓపిక ఉన్న కుటుంబానికి పుట్టడం ఒక్కటే ఆయనకు దక్కిన అదృష్టమని చెప్పాలి. భూమి గల కుటుంబం కాబట్టి చదువు సాగింది. ఆ వసతి లేని ఇళ్ళలో ఇలాంటి పిల్లలు ఏమయ్యారో మా ప్రాంతం వాళ్ళకు తెలియనిది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, పత్రికా రచన కూడా చదివి, విద్యార్థి రాజకీయాల మీదుగా కాంగ్రెస్‌లోకి వచ్చారు.

1969 నుంచి 1984 వరకు నాలుగు పర్యాయాలు ఆయన కల్వకుర్తి శాసనసభ్యులు. ఆనాటి కల్వకుర్తి ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. కాలువ నీరు ఎరుగని నేల. వానలు పడితే జొన్నలూ ఆముదాలూ, పడకపోతే కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట వలస. దేశంలో ఏ పెద్ద ఆనకట్ట కట్టినా మట్టి మోసినవాళ్ళలో పాలమూరు వాళ్ళు ఉంటారనే మాట మా పెద్దలు గర్వంగానూ ఏడుపుగానూ చెప్పుకునేవారు. రోడ్లు లేని ఊళ్ళకు బండ్ల మీద, జీపుల మీద వెళ్ళి, దిగిన చోట చంక కర్రలు ఊనుకుని నిలబడి ఓట్లు అడగడం ఎంత కష్టమో, చిన్నాయన దుక్కి చేసిన చేనుకు అడ్డంగా నడవడానికి పడే అవస్థ చూసిన నేను ఊహించగలను. వికలాంగుల హక్కులకు మన దేశంలో ఒక చట్టమంటూ 1995లో గానీ రాలేదు. అంతకు పాతికేళ్ళ ముందు మెట్లున్న ప్రతి కార్యాలయంలోనూ, ఎత్తు అరుగున్న ప్రతి సభలోనూ ఆ మనిషి ప్రతిరోజూ ఎవరికీ కనబడని ఒక ఎన్నికను గెలవవలసి వచ్చేది. అయినా తన కాలును చూపి ఓటు అడిగిన దాఖలా పెట్టెలో ఉన్న ఏ కాగితంలోనూ లేదు.

పెట్టెలో నన్ను ఎక్కువసేపు ఆపినవి 1977 నాటి కాగితాలు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు జైపాల్ రెడ్డి అధికార కాంగ్రెస్ శాసనసభ్యుడు. పత్రికల మీద సెన్సారు, ప్రతిపక్ష నాయకులకు జైలు. ఆకాశవాణి ప్రభుత్వం చెప్పమన్నది తప్ప మరేమీ చెప్పని కాలం. ఆ విధానాన్ని వ్యతిరేకించి ఆయన 1977లో కాంగ్రెస్‌ను వదిలి జనతా పార్టీలోకి వెళ్ళారు. ఉత్తరాదిలో అది గాలివాటు చూసి చేసిన పని అయి ఉండవచ్చు, ఎందుకంటే అక్కడ ఆ యేడు కాంగ్రెస్ కూకటివేళ్ళతో కదిలిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో సంగతి వేరు. 42 లోక్‌సభ స్థానాలలో కాంగ్రెస్ 41 గెలుచుకుంది. జనతాకు దక్కింది నీలం సంజీవరెడ్డి గెలిచిన నంద్యాల ఒక్కటే. ఇలాంటి రాష్ట్రంలో, భద్రమైన స్థానం ఉన్న ముప్పై అయిదేళ్ళ కాంగ్రెస్ శాసనసభ్యుడు ఆ పార్టీని వదలడమంటే ఏటికి ఎదురీదడమే. మా తాత ఆవు దూడ గుర్తు తప్ప మరో గుర్తు ఎరుగని మనిషి. "మంచిగున్న ఇల్లు ఇడిసి చెట్టు కిందికి పోయిండు" అని ఆయన మీద కోపం చేసుకున్నాడట. మరుసటి యేడు 1978 శాసనసభ ఎన్నికలలో ఇందిరా కాంగ్రెస్ రాష్ట్రమంతా గెలిచినప్పుడు కూడా, నాగలి మోసే రైతు గుర్తు మీద జైపాల్ రెడ్డి కల్వకుర్తి నుంచి గెలిచారు. తాత ఓటు ఎటు పడిందో చిన్నాయన నాకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆ 1978 శాసనసభలోనే జనతా పార్టీ తరఫున నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి గెలిచి వచ్చిన ఎం. వెంకయ్య నాయుడు ఆయన పక్క బెంచీలో కూర్చున్నారు. ఒకరు తెలంగాణ, ఒకరు నెల్లూరు. ఒకరిది ఇంగ్లీషు సాహిత్యం నుంచి వచ్చిన వాదన, మరొకరిది తెలుగు ప్రాసలతో గుక్కతిప్పుకోనివ్వని ధాటి. ఇద్దరూ ఉదయం కలిసి కూర్చుని ఆనాటి సభలో ఏది ఎలా ఎత్తాలో ముందే మాట్లాడుకుని వచ్చేవారు. ఆ జంటను తిరుపతి వేంకట కవులతో పోల్చేవారు. అవధాన సంప్రదాయం తెలిసిన తెలుగు వాళ్ళు శాసనసభ్యులకు ఇంతకన్నా పెద్ద బిరుదు ఇవ్వలేరని నా అభిప్రాయం. ప్రతిపక్ష సభ్యుడి చేతిలో నిధులు ఉండవు, బదిలీలు ఉండవు, శంకుస్థాపన ఫలకాలు ఉండవు. ఆయనకు ఉన్నవి ప్రశ్నోత్తరాల సమయం, వాయిదా తీర్మానం, బడ్జెట్ మీద చర్చ, అంతే. ఆ కొద్దిపాటి పనిముట్లతో మంత్రులను సమాధానం చెప్పక తప్పని స్థితిలోకి నెట్టడం అనే విద్యను ఆయన ఆ అయిదేళ్ళలో సాధన చేశారు. తరువాత ఢిల్లీలో దేశం చూసినది ఈ సాధననే.

1980లో జనతా పార్టీ ఆయనను మెదక్ లోక్‌సభ స్థానంలో సాక్షాత్తు ఇందిరా గాంధీ మీద నిలబెట్టింది. రెండు లక్షల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. గెలుపు మీద ఆశతో చేసిన పోటీ కాదది. ఎమర్జెన్సీ పెట్టిన వ్యక్తి మెదక్‌కు వచ్చి ఓట్లు అడిగినప్పుడు, ఆ ఎమర్జెన్సీ కారణంగా పార్టీ వదిలిన తెలంగాణ మనిషి ఒకడు ఎదురు నిలబడి ఉండాలి కదా. రాయ్‌బరేలీలోనూ గెలిచిన ఇందిరమ్మ మెదక్‌నే ఉంచుకున్నారు. ఈయన తిరిగి కల్వకుర్తి శాసనసభ్యుడిగా సాగారు. 1983లో ఎన్.టి.ఆర్. ప్రభంజనంలోనూ జనతా పార్టీ అభ్యర్థిగానే నెగ్గారు. 1984 చివర ఇందిర హత్యానంతరం దేశమంతా కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా స్థానాలు వచ్చిన ఎన్నికలో, తెలుగుదేశం మద్దతుతో మహబూబ్‌నగర్ నుంచి తొలిసారి లోక్‌సభకు వెళ్ళారు. ఆ ఎన్నికలోనే హనుమకొండలో పి.వి. నరసింహారావు ఓడిపోయారు. కల్వకుర్తి జైపాల్ రెడ్డి చేతులు దాటిన అయిదేళ్ళకు, 1989లో, సాక్షాత్తు ఎన్.టి.ఆర్.నే చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడించి మా నియోజకవర్గం దేశం దృష్టికి వచ్చింది. పెద్ద పేరు చూసి తల ఊపే ఓటరు కాదు కల్వకుర్తి ఓటరు. అలాంటి చోట వరుసగా పదిహేనేళ్ళు నిలిచిన మనిషికి ఒట్టి మాటల మీదనే ఓట్లు రాలాయని నేను అనుకోను.

ఢిల్లీ జీవితంలో తొలి పదమూడేళ్ళు ఆయనవి మంత్రి పదవి లేని యేళ్ళే. 1985 నుంచి జనతా పార్టీ ప్రధాన కార్యదర్శి, ఆ తరువాత జనతాదళ్ గొంతు, 1990 నుంచి రాజ్యసభ సభ్యులు, 1991–92లో రాజ్యసభలో ప్రతిపక్ష నాయకులు. ఈ చివరిదాన్ని గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలైనప్పుడు దేశ ప్రధాని పి.వి. కరీంనగర్ జిల్లా వంగర మనిషి, రాజ్యసభలో ఆ ప్రభుత్వానికి ఎదురుగా కూర్చున్న ప్రతిపక్ష నాయకుడు మహబూబ్‌నగర్ జిల్లా మాడ్గుల మనిషి. వెనుకబడిన ప్రాంతమని, చదువు లేని జనమని పేరుపడిన తెలంగాణ పల్లెలలో నుంచి వచ్చిన ఇద్దరు, దేశం తన ఆర్థిక మార్గాన్ని మార్చుకుంటున్న రోజున సభకు అటూ ఇటూ ఉన్నారు. చిన్నాయన ఆ రోజుల కత్తిరింపుల పక్కన పెన్సిలుతో రెండు ఊళ్ళ పేర్లు మాత్రమే రాసుకున్నాడు.

ఆయన ఇంగ్లీషు గురించి అందరూ చెబుతారు. నిఘంటువు చేతిలో పెట్టుకుంటే గానీ అందని పదాలు వాడతారని విలేకరులు అనేవారు. నేను రాజ్యసభ టీవీలోనూ, ఇతరత్రానూ ఆయన ప్రసంగాలు చాలా విన్నాను. నాకు పదాల కంటే వాక్య నిర్మాణం గొప్పగా అనిపించింది. ఎదుటివారి వాదనను ముందుగా దాని బలమైన రూపంలో చెప్పి, అందులో వారే ఒప్పుకోక తప్పని ఒక మాటను పట్టుకుని, అక్కడి నుంచి మెల్లగా విప్పుకుంటూ పోయేవారు. గొంతు పెంచరు. వ్యక్తి మీదికి వెళ్ళరు. 1998 సంవత్సరానికి ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం ఆయనకు ఇచ్చారు. సభలో కాగితాలు చింపి విసరడమే వార్త అయిపోయిన ఈ రోజులలో, ఒక వాక్యాన్ని మొదలుపెట్టి దాన్ని పూర్తి చేసేవరకు సభను వినేటట్టు చేయడం చిన్న సంగతేమీ కాదు.

ఆయన చేసిన పనులలో ఒకటే ఎంచమంటే నేను ఎంచేది ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే స్వయంప్రతిపత్తి సంస్థ ప్రసార భారతిని. దీనికి వెనుక కథ ఉంది. ఎమర్జెన్సీలో ఆకాశవాణి, దూరదర్శన్ ప్రభుత్వ బాకాలుగా మారిన అనుభవంతో, జనతా ప్రభుత్వం బి.జి. వర్గీస్ అధ్యక్షతన కమిటీ వేసింది. ప్రసార సంస్థలను ప్రభుత్వం చేతిలో నుంచి తప్పించాలని ఆ కమిటీ 1978లో చెప్పింది. ప్రభుత్వం పడిపోయి ఆ నివేదిక అటకెక్కింది. వి.పి. సింగ్ ప్రభుత్వంలో సమాచార మంత్రిగా ఉన్న మన పర్వతనేని ఉపేంద్ర ప్రసార భారతి బిల్లు తెచ్చి 1990లో చట్టం చేయించారు. చట్టమైతే అయింది గానీ, అమలులోకి వచ్చే తేదీని ప్రకటించవలసిన నోటిఫికేషన్ ఏడేళ్ళపాటు వెలువడలేదు. అధికారంలో ఉన్నవాళ్ళలో రాత్రి వార్తలు తమ చేతిలో నుంచి జారిపోవాలని కోరుకునేవారు ఎవరు? గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత కూడా ప్రభుత్వం కదలలేదు.

1997లో ఐ.కె. గుజ్రాల్ మంత్రివర్గంలో జైపాల్ రెడ్డి సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయనకు తొలిసారి దక్కిన మంత్రి పదవి అదే, అప్పటికి వయసు యాభై అయిదు. ఆ శాఖలో మంత్రికి ఉన్న అసలు అధికారమల్లా ఆకాశవాణి, దూరదర్శన్‌లే. ఆ రెండింటినీ వదులుకునే నోటిఫికేషన్‌ను ఆయన ఇప్పించారు. 1997 సెప్టెంబరులో చట్టం అమలులోకి వచ్చింది, నవంబరు 23న ప్రసార భారతి ఏర్పడింది. సీనియర్ పాత్రికేయుడు నిఖిల్ చక్రవర్తి తొలి అధ్యక్షులు. ఇరవై యేళ్ళ కింద సెన్సారును భరించలేక పార్టీ వదిలిన మనిషి, అదే సెన్సారుకు ఆయువుపట్టయిన శాఖ తన చేతికి వచ్చినప్పుడు చేసిన పని ఇది. ఆ తరువాతి ప్రభుత్వాలు ఆ సంస్థకు జీతాలకు సైతం తమ మీదే ఆధారపడే స్థితిని తప్పించలేదు, స్వతంత్రత సగంలోనే నిలిచిపోయింది. ఆ లోటును దాచనక్కర లేదు. అయినా పదవిలో కూర్చుని ఆ పదవి బలాన్నే తగ్గించుకున్న మంత్రులను మనం ఎంతమందిని చూశాం?

1998లో మళ్ళీ మహబూబ్‌నగర్ నుంచి జనతాదళ్ సభ్యుడిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ ఎన్నికల ప్రచారంలో నేను ఆయనను మొదటిసారి దగ్గర నుంచి చూశాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. సాయంత్రం సభ, వెలుతురు సరిగా లేదు. మండల్ నివేదికను గురించి, బహుళత్వాన్ని గురించి తెలంగాణ పల్లె మాటలలోకి దించి చెప్పారు. వెనుకబడిన కులాల రిజర్వేషన్లను గట్టిగా సమర్థించిన పార్టీలో, భూస్వామ్య కులం నుంచి వచ్చిన మనిషి అంత నిస్సంకోచంగా ఆ పక్షాన మాట్లాడడం నన్ను ఆకట్టుకుంది. చిన్నాయన జనం మధ్యలో తన కర్రల మీద ఆనుకుని సభ ముగిసేదాకా నిలబడే ఉన్నాడు. కుర్చీ తెస్తానంటే వద్దన్నాడు.

1999లో ఆయన కాంగ్రెస్‌లోకి తిరిగి వెళ్ళారు. చిన్నాయనకు ఇది మింగుడుపడలేదు. ఆ యేడు పెట్టెలో ఒక్క కత్తిరింపూ లేదు. ఇరవై రెండేళ్ళు దేన్ని వ్యతిరేకించారో దానిలోకే ఎలా వెళ్ళారని ఆయన బాధ. జనతాదళ్ ముక్కలు ముక్కలై, అందులో కొందరు బి.జె.పి. పక్కన చేరుతుండగా, మతతత్వాన్ని ఎదిరించగల పెద్ద పార్టీ కాంగ్రెస్ ఒక్కటే మిగిలిందని జైపాల్ రెడ్డి భావించారు. ఆ వాదనలో నిజం ఉంది. కానీ ఎమర్జెన్సీ నాటి ప్రశ్నకు కాంగ్రెస్ ఎన్నడూ పూర్తి సమాధానం చెప్పలేదన్నది కూడా నిజమే. నేను ఇప్పటికీ ఈ విషయంలో చిన్నాయన వైపే ఉన్నాను, కాకపోతే ఆయనంత కోపంగా లేను.

ఆ మీదట 1999లోనూ 2004లోనూ మిర్యాలగూడ నుంచి, పునర్విభజనలో ఆ లోక్‌సభ స్థానమే రద్దయిన తరువాత 2009లో చేవెళ్ళ నుంచి గెలిచారు. మొత్తం మీద నాలుగుసార్లు శాసనసభ, అయిదుసార్లు లోక్‌సభ, రెండుసార్లు రాజ్యసభ. 2004లో మళ్ళీ సమాచార శాఖ వచ్చింది. ఆ యేడు డిసెంబరులో దూరదర్శన్ ఉచిత డిష్ సేవ డిడి డైరెక్ట్ ప్లస్ మొదలైంది. కేబుల్ తీగ పోని మా తండాలలో నెల కిరాయి లేని ఆ చిన్న గొడుగులు ఇంటింటి కప్పు మీద మొలిచాయి. దాని వెనుక ఏ మంత్రి ఉన్నాడో మా వాళ్ళకు తెలియదు. "ఏం తెచ్చిండు" అని అడిగేవారికి నేను అప్పుడప్పుడు కప్పు మీది ఆ గొడుగును చూపేవాణ్ణి. తరువాత పట్టణాభివృద్ధి శాఖ, జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం. వాటి గురించి నాకు ప్రత్యేకంగా చెప్పాలనిపించేది లేదు.

పెట్రోలియం శాఖ గురించి చెప్పాలి. 2011 జనవరి నుంచి 2012 అక్టోబరు వరకు ఆయన ఆ శాఖలో ఉన్నారు. కృష్ణా గోదావరి బేసిన్‌లో రిలయన్స్ సంస్థ నిర్వహించే డి6 క్షేత్రంలో గ్యాసు ఉత్పత్తి అనుకున్న దానికి చాలా దిగువకు పడిపోయింది. భూగర్భ పరిస్థితులే కారణమని సంస్థ అన్నది. ఒప్పందం ప్రకారం తవ్వవలసిన బావులు తవ్వలేదని శాఖ అన్నది. గ్యాసును కొలిచే పది లక్షల బి.టి.యు.కు 4.2 డాలర్లుగా ఉన్న ధరను గడువుకు ముందే పెంచాలన్న కోరికను ఆయన ఆమోదించలేదు. 2012 మేలో నూరు కోట్ల డాలర్లకు పైగా ఖర్చును సంస్థ గ్యాసు రాబడి నుంచి రాబట్టుకోవడాన్ని అనుమతించబోమని శాఖ నోటీసు ఇచ్చింది. అక్టోబరు చివర మంత్రివర్గ మార్పులలో ఆయనను శాస్త్ర సాంకేతిక శాఖకు మార్చారు. ఎందుకు మార్చారన్న చర్చ దేశమంతా సాగింది. ఆయన బహిరంగంగా ఒక్క ఫిర్యాదు చేయలేదు, కొత్త శాఖలో చేరి పని చేసుకుపోయారు. ఆనాటి కత్తిరింపులు పెట్టెలో అన్నిటికన్నా ఎక్కువ. చిన్నాయన అలక ఎప్పుడో తీరిపోయిందని వాటిని చూస్తేనే తెలిసింది.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు, తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిన వేళ, నెగ్గింది. సభ గందరగోళంలో ఉన్నా నియమావళి ప్రకారం బిల్లును ఎలా నడిపించవచ్చో స్పీకరుతో జరిగిన సంప్రదింపులలో ఆయన పాత్ర ఉందని తెలంగాణ కాంగ్రెస్ నాయకులు తరువాత చెప్పుకున్నారు. నియమాల పుస్తకం కంఠస్థమైన మనిషికి ఆ పని దక్కడం సహజమే. మూడు నెలలకు వచ్చిన ఎన్నికలలో తిరిగి మహబూబ్‌నగర్‌కు వచ్చి, టి.ఆర్.ఎస్. అభ్యర్థి ఎ.పి. జితేందర్ రెడ్డి చేతిలో మూడు వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు.

ఇప్పుడు ఆ పాత ప్రశ్న. కృష్ణా నది జిల్లా అంచున పారుతున్నా కల్వకుర్తికి నీరు ఎక్కలేదు. ఎల్లూరు, జొన్నలబొగడ, గుడిపల్లిగట్టుల మీదుగా నీటిని ఎత్తే పథకం వచ్చేసరికి ఆయన కల్వకుర్తిని వదిలి ఇరవై యేళ్ళు అయింది. పదిహేనేళ్ళు శాసనసభ్యుడిగా, రెండుసార్లు లోక్‌సభ సభ్యుడిగా ఉన్న జిల్లా నుంచి వలస ఆగలేదు. అధికార పక్షంలో ఉండి ఉంటే ఎక్కువ తెచ్చేవారేమో. ఆ లోటు నేను కాదనను, మా ఇంట్లోనే గుంపు మేస్త్రీ వెంట బొంబాయి పోయిన మేనమామలు ఉన్నారు. కానీ ఆ ప్రశ్నలో శాసనసభ్యుడంటే కాంట్రాక్టు పనులు తెచ్చేవాడనే లెక్క ఒకటి దాగి ఉంది. శాసనసభ్యుడి పేరులోనే ఉన్న శాసనం ఆ లెక్కలో ఎక్కడా కనబడదు. సెన్సారును కాదని పార్టీ వదిలి, ఆ సెన్సారుకు ఆధారమైన శాఖ చేతికి వచ్చినప్పుడు ఏడేళ్ళుగా నిద్రపోతున్న చట్టాన్ని లేపి, గ్యాసు ధర దగ్గర ఖజానా పక్షాన నిలబడ్డ మనిషి తాను ఎన్నికైన పనిని చేశాడనే నేను అంటాను. ఆ పనిలో పాలమూరు వాటా దేశంలో అందరి వాటాతో సమానం. పాలమూరుకు ప్రత్యేకంగా రావలసినది రాలేదన్న బాధ దాని పక్కనే ఉంటుంది. ఒకటి రెండోదాన్ని కొట్టివేయదు.

చివరి యేళ్ళలో చక్రాల కుర్చీలో ఉంటూనే, మానవ సమాజాన్ని నడిపిన పది భావజాలాల మీద ఇంగ్లీషులో ఒక పెద్ద పుస్తకం రాశారు. 2019 జూలై 28 తెల్లవారుజామున హైదరాబాద్‌లో, డెబ్బై ఏడేళ్ళ వయసులో కన్నుమూశారు. మరునాడు రాజ్యసభ అధ్యక్ష స్థానంలో ఉన్న వెంకయ్య నాయుడు పాత శాసనసభ బెంచీని, ఆ ఉదయపు చర్చలను తలచుకుంటూ కంటతడి పెట్టుకున్నారు. ఆ జనతా రోజుల తరువాత ఎదురెదురు పార్టీలలో గడిచిన ఇద్దరు. హుస్సేన్ సాగర్ ఒడ్డున పి.వి. జ్ఞానభూమి పక్కన అంత్యక్రియలు జరిగాయి. ఆ రోజు చిన్నాయన టీవీ ముందు నుంచి లేవలేదు, అన్నానికి పిలిచినా రాలేదు.

2025 జనవరిలో పాలమూరు రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి జైపాల్ రెడ్డి పేరు పెట్టాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. పెట్టెలో ఆఖరి కాగితం అదే. ఆ వార్త చదివి వినిపించినప్పుడు చిన్నాయన కత్తెర తెమ్మన్నాడు, కత్తిరించి తేదీ వేశాడు, మడిచి పెట్టెలో పెడుతూ నన్ను అడిగాడు. "పేరు మంచిగనే ఉంది బిడ్డా. మనూరికి నీళ్ళు ఎప్పుడొస్తయని రాసిండ్రు?"